తుప్పు పట్టే ఇనుము, పట్టని అల్యూమినియం: చర్యాశీలత శ్రేణి తప్పు చెబుతోందా?

ప్రశ్న: మాది పెదవాల్తేరు. మేడ మీదికి ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. లోహాల చర్యాశీలత శ్రేణిలో అల్యూమినియం ఇనుము కన్నా పైన ఉంటుందని, అంటే దానికి చర్య జరిపే గుణం ఎక్కువని చదివింది. కానీ మా బాల్కనీ ఇనుప గ్రిల్లు ఎన్నిసార్లు రంగు వేయించినా తుప్పు పట్టిపోతోంది. పక్కనే ఉన్న అల్యూమినియం కిటికీకి మాత్రం ఏమీ కాలేదు. రాగి సజల ఆమ్లాలతో చర్య జరపదని పుస్తకంలో ఉంది. మా అత్తగారు చింతపండు రాస్తే రాగి చెంబు క్షణాల్లో తళతళలాడుతుంది. మొన్న జిడ్డు వదిలించడానికి అల్యూమినియం గిన్నెలో బట్టల సోడా వేసి మరిగిస్తే గిన్నె నల్లబడింది. ట్యూషన్లో అడిగితే పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయమన్నారట. పుస్తకాన్ని నమ్మాలా, కళ్లను నమ్మాలా? ఇంట్లో భయం లేకుండా చేసి చూడదగిన ప్రయోగాలు ఉన్నాయా? గ్రిల్లు ఎలాగూ మార్చాలి, ఏది పెట్టిస్తే మంచిదో కూడా చెప్పండి. – ఒక తల్లి, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీ అమ్మాయికి వచ్చినవి మూడు సందేహాల్లా కనిపిస్తున్నా నిజానికి అది ఒకటే సందేహం. చర్యాశీలత శ్రేణి మాట్లాడేది లోహం గురించి. గాలికీ చింతపండుకూ సోడాకూ ముందుగా తగిలేది మాత్రం చాలా సందర్భాల్లో లోహం కాదు, ఆ లోహం మీద అప్పటికే ఏర్పడి ఉన్న పొర. ఆ పొర ఏ పదార్థం, అది లోహాన్ని గట్టిగా పట్టుకుని ఉందా పెచ్చులుగా ఊడిపోతుందా, దాన్ని ఆమ్లం కరిగిస్తుందా క్షారం కరిగిస్తుందా అన్న సంగతులు తెలిస్తే గ్రిల్లు, చెంబు, గిన్నె మూడింటి సంగతీ తేలిపోతుంది. పుస్తకమూ తప్పు చెప్పలేదు, మీ కళ్లూ తప్పు చూడలేదు.

ముందుగా శ్రేణిని ఎలా నిర్ణయించారో చూద్దాం. పొటాషియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, జింకు, ఇనుము, సీసం, ఆ తరువాత హైడ్రోజన్, దాని కింద రాగి, పాదరసం, వెండి, బంగారం అని పిల్లలు వల్లించే ఈ వరుస ఎవరో ఊహించి రాసింది కాదు. ఏ లోహం చల్లని నీటితోనే చర్య జరుపుతుంది, ఏది నీటి ఆవిరితో గాని జరపదు, ఏది సజల ఆమ్లం నుంచి హైడ్రోజన్‌ను వెలువరిస్తుంది, ఏది మరొక లోహాన్ని దాని లవణ ద్రావణం నుంచి వెళ్లగొడుతుంది అని వరుసగా పరీక్షించి కూర్చినది. ఆ పరీక్షలన్నిటికీ ఒక షరతు ఉంది: లోహపు ఉపరితలం శుభ్రంగా ఉండాలి. మీ అమ్మాయి పాఠ్యపుస్తకంలో మెగ్నీషియం రిబ్బన్‌ను మండించే కృత్యం ఉంటుంది. మండించే ముందు దాన్ని గరుకు కాగితంతో రుద్దమని అందులోనే రాసి ఉంటుంది. తరగతిలో ఎవరూ పట్టించుకోని ఆ ఒక్క వాక్యంలోనే మీ ఉత్తరానికి సగం జవాబు ఉంది. గాలి తగిలి మెగ్నీషియం మీద ఏర్పడిన ఆక్సైడ్ పొరను తొలగించమని ఆ సూచన. పొరను తీసేసి పరీక్షిస్తే వచ్చే వరుస ఒకటి, పొరతో సహా వదిలేస్తే మనకు ఇంట్లో కనిపించే వరుస మరొకటి.

ఇప్పుడు మీ కిటికీ సంగతి. అల్యూమినియానికి ఆక్సిజన్ మీద ఎంత ఆసక్తి అంటే, కొత్తగా కోసిన అంచుకు గాలి తగిలీ తగలగానే దాని మీద అల్యూమినియం ఆక్సైడ్ ఏర్పడిపోతుంది. కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే ఉండే ఆ పొర పారదర్శకం కాబట్టి మనకు కనిపించదు. కింది లోహాన్ని గట్టిగా పట్టుకుని సందు లేకుండా పరుచుకుంటుంది కాబట్టి ఆక్సిజన్‌నూ నీటినీ లోపలికి పోనివ్వదు. గీత పడితే ఆ గీతలోనే మళ్లీ కొత్త పొర పుడుతుంది. అంటే అల్యూమినియం చర్య జరపడం లేదనుకోవడం పొరపాటు. అది అందరికన్నా ముందుగా చర్య జరిపి, ఆ చర్యాఫలితంతోనే తనను తాను కప్పుకుంది. కిటికీ చట్రాలకు వాడే అల్యూమినియానికి చాలాసార్లు విద్యుత్తు సహాయంతో ఈ పొరను మైక్రోమీటర్ల మందానికి పెంచుతారు. పాఠంలో ఎనోడీకరణం అని వచ్చేది అదే.

ఇనుము అంత తొందరపడదు గాని, దాని మీద ఏర్పడే తుప్పు ఎందుకూ పనికిరాని పొర. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం పెరుగుతుంది. అందువల్ల తుప్పు కింది లోహం మీద సరిగా అమరలేక, ఉప్పు పట్టిన గోడ మీది సున్నంలా పెచ్చులుగా లేస్తుంది. పెచ్చు ఊడిన చోట మళ్లీ కొత్త ఇనుము గాలికీ తేమకూ బయటపడుతుంది. ఆ పని ఇనుము ఉన్నంతవరకూ ఆగదు. దీనికి మన తీరపు గాలి తోడైతే మరీ వేగం. తుప్పు పట్టడానికి ఆక్సిజన్, నీరు రెండూ కావాలి. ఆ నీటిలో ఉప్పు కరిగి ఉంటే అది విద్యుద్వాహకంగా మారి, ఇనుము మీద ఒక చోటి నుంచి మరొక చోటికి జరగవలసిన విద్యుత్ రసాయన చర్యను సులభం చేస్తుంది. రాత్రి పూట గ్రిల్లు మీద పడే తేమలో మీ ఇంట కొద్దో గొప్పో ఉప్పు తప్పక ఉంటుంది. అనకాపల్లి దాటి లోపలికి వెళ్తే అదే గ్రిల్లు ఇంకొన్నేళ్లు ఎక్కువ నిలుస్తుంది.

అల్యూమినియం నిజంగానే ఇనుము కన్నా చురుకైనదని నమ్మాలంటే కిటికీని కాక రైలు పట్టాలను చూడాలి. పట్టాలను ఒకదానితో ఒకటి అతకడానికి రైల్వేవారు చాలాచోట్ల థర్మిట్ పద్ధతి వాడతారు. అల్యూమినియం పొడిని ఐరన్ ఆక్సైడ్‌తో కలిపి రాజేస్తే, అల్యూమినియం ఇనుము దగ్గరి నుంచి ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. ఆ చర్యలో పుట్టే వేడికి విడుదలైన ఇనుము ద్రవంగా మారి, పట్టాల సందులోకి పారి గట్టిపడుతుంది. శ్రేణిలో ఎవరు పైన, ఎవరు కింద అన్నది అక్కడ నిప్పురవ్వలతో సహా కనిపిస్తుంది. స్థానభ్రంశ చర్యకు ఇంతకన్నా ఘనమైన ఉదాహరణ పదో తరగతి పాఠంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇక రాగి చెంబు. రాగి సజల ఆమ్లాలతో చర్య జరపదు అన్న వాక్యానికి పూర్తి అర్థం, శ్రేణిలో హైడ్రోజన్ కన్నా కింద ఉన్న రాగి ఆమ్లం నుంచి హైడ్రోజన్‌ను వెలువరించలేదని. మీ అత్తగారు చింతపండు రాసినప్పుడు చెంబు మీద బుడగలు రావు, గమనించండి. అక్కడ పోయేది రాగి కాదు. రాగి మీద పేరుకున్న నల్లటి కాపర్ ఆక్సైడ్, తడిగా వదిలేసిన చోట పట్టిన ఆకుపచ్చని కిలుము. లోహపు ఆక్సైడ్ ఆమ్లంతో కలిస్తే లవణమూ నీరూ ఏర్పడతాయని మీ అమ్మాయి చదివిన మరొక సూత్రం ఇక్కడ పనిచేస్తోంది. చింతపండులో ఉన్న టార్టారిక్ ఆమ్లం ఆక్సైడ్‌ను కరిగించి కడిగేసేసరికి అడుగున ఉన్న శుభ్రమైన రాగి బయటపడుతుంది. తోమిన చెంబును బాగా కడిగి పొడిగుడ్డతో తుడవకపోతే మర్నాటికే మళ్లీ మసకబారడానికి కారణం కూడా ఇదే: పొర పోయిన రాగి ఇప్పుడు గాలికి నేరుగా తగులుతోంది. పూర్వం చింతపండుతో పాటు బూడిద కూడా వాడేవారు. బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. దాని క్షార గుణం జిడ్డును వదిలిస్తుంది, చింతపండు ఆమ్లం మసకను వదిలిస్తుంది. రెండిటినీ ఒకేసారి కలిపి రుద్దితే ఒకదాన్నొకటి కొంత తటస్థం చేసుకుంటాయి కాబట్టి, ముందు బూడిద, కడిగిన తరువాత చింతపండు అన్న వరుసే తెలివైనది.

అయితే రాగి మీద ఆమ్లానికి అసలు ప్రభావమే లేదనుకుని దానిలో పులుసు పెట్టకూడదు. గాలిలోని ఆక్సిజన్ కొద్దికొద్దిగా రాగిని ఆక్సైడ్‌గా మారుస్తూ ఉంటే, పులుపు ఆ ఆక్సైడ్‌ను కరిగిస్తూ పోతుంది; ఇద్దరూ కలిసి చేసే పని ఒక్కరు చేయలేనిది. అలా రాగి లవణాలు చేరిన మజ్జిగ గాని, చారు గాని చేదెక్కి, తాగినవారికి వాంతులు తెప్పించగలదు. రాగి చెంబులో మంచినీళ్లు పెట్టుకోండి, నిమ్మరసం పిండకండి. రాగి, జింకుల మిశ్రమమైన ఇత్తడికీ ఇదే మాట వర్తిస్తుంది.

మన పెద్దవాళ్లు ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించేది ఇందుకే. ఇప్పుడు ఆ పని చేసేవారు తగ్గిపోయారు గాని, వన్‌టౌన్ వైపు ఇత్తడి సామాన్ల దుకాణాల్లో వాకబు చేస్తే ఒకరో ఇద్దరో దొరకవచ్చు. దొరికితే మీ అమ్మాయిని తీసుకువెళ్లి దగ్గర నిలబెట్టి చూపించండి, పొర అంటే ఏమిటో అక్కడ కంటితో చూడవచ్చు. కళాయివాడు గిన్నెను ముందు బాగా రుద్ది, కొలిమి మీద కాలుస్తాడు. గిన్నె తగినంత వేడెక్కాక తగరపు ముక్కను లోపల తాకించి, నవాసారం పొడి చిటికెడు చల్లి, దూది ముద్దతో చరచరా తిప్పుతాడు. తెల్లని పొగ గుప్పుమంటుంది. ఆ పొగ వెనకే, అంతవరకూ పచ్చగా మసకగా ఉన్న లోపలి భాగం అద్దంలా తెల్లబడుతుంది. నవాసారం అంటే అమ్మోనియం క్లోరైడ్; వేడికి అది అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువులుగా విడిపోతుంది. ఆ హైడ్రోజన్ క్లోరైడ్ గిన్నె మీది ఆక్సైడ్ పొరను తినేస్తే, కరిగిన తగరం శుభ్రమైన ఇత్తడిని పట్టుకుంటుంది. పొర ఉండగా తగరం అంటదు, పూసలుగా జారిపోతుంది. వాయువులు రెండూ పైకి పోతూ చల్లబడి మళ్లీ అమ్మోనియం క్లోరైడ్‌గా కలవడమే ఆ తెల్లని పొగ. ప్రయోగశాలలో పరీక్షనాళికలో ఉత్పతనం అని చూపించేది ఈ పదార్థాన్నే. ఆ పొగకు ఎదురుగా మాత్రం నిలబడనివ్వకండి.

మూడోది, నల్లబడిన గిన్నె. మీ ప్రశ్నల్లో అన్నిటికన్నా లోతైనది ఇదే. సాధారణంగా లోహపు ఆక్సైడ్లు క్షార స్వభావం కలవి. అవి ఆమ్లాలతో చర్య జరుపుతాయి గాని క్షారాలతో జరపవు. అల్యూమినియం ఆక్సైడ్ అలా కాదు, అది ద్విస్వభావ ఆక్సైడ్. ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. జింకు ఆక్సైడ్ కూడా అంతే. ద్రావణం ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే ఉదజని సూచిక, అంటే పీహెచ్ విలువ (7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం), సుమారు 4 నుంచి 8.5 వరకూ ఉన్నంతసేపు అల్యూమినియం మీది పొర నిలకడగా ఉంటుంది. దానికి ఇటైనా అటైనా పొర కరగడం మొదలవుతుంది. ఈ రెండు అంకెలు గుర్తుంచుకుంటే వంటింటి సంగతులు చాలా వాటంతట అవే విడిపోతాయి. నిమ్మరసం విలువ సుమారు 2; చిక్కటి చింతపండు రసం కూడా 4 కన్నా బాగా కిందే ఉంటుంది. బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్, నీటిలో కరిగితే విలువ 11 దాకా వెళ్తుంది. మీరు ఆ ద్రావణాన్ని గిన్నెలో పోసి మరిగించారు కూడా. పొర కరిగిపోయి, దాని కింది అల్యూమినియం కొంత కరిగి, లోహంలో మలినంగా ఉన్న ఇనుము వంటివి పైకి తేలి, దాని మీద గరుకైన కొత్త పొర ఏర్పడటంతో గిన్నె నల్లగా కనిపిస్తోంది. వాడి తీసేసిన నిమ్మచెక్కలు వేసి నీళ్లు మరిగిస్తే చాలావరకు తెల్లబడుతుంది. ఇకమీదట ఆ గిన్నె జిడ్డుకు మామూలు అంట్ల సబ్బు చాలు. అదే తర్కంతో, పులుసు అల్యూమినియం గిన్నెలో కాచినా వెంటనే వేరే పాత్రలోకి తీసేయాలి. ఆవకాయ అయితే దగ్గరికే రానివ్వకూడదు, దానిలో పులుపూ ఉప్పూ రెండూ ఉంటాయి. ఆవకాయను జాడీలో పెట్టడంలో ఉన్న రసాయన శాస్త్రం అంతా ఇదే: జాడీ మీది గాజు పూతకు ఈ రెండిటితోనూ పేచీ లేదు.

గిన్నెను నల్లబరిచిన ఈ గుణమే అల్యూమినియం పరిశ్రమకు ఆధారం. మన రేవు నుంచి ఎగుమతి అయ్యే తెల్లని అల్యూమినా, అంటే శుద్ధి చేసిన అల్యూమినియం ఆక్సైడ్, ఒడిశాలోని దామంజోడిలో నాల్కో శుద్ధి కర్మాగారం నుంచి రైళ్లలో వస్తుంది. అక్కడ అల్యూమినియం ముడి ఖనిజమైన బాక్సైట్‌ను వేడి కాస్టిక్ సోడాలో కరిగిస్తారు; ఆ కాస్టిక్ సోడా కూడా విశాఖ రేవులోనే దిగుతుంది. ద్విస్వభావం ఉన్న అల్యూమినియం ఆక్సైడ్ కరిగిపోతుంది, ఆ స్వభావం లేని ఐరన్ ఆక్సైడ్ కరగక ఎర్రమట్టిగా అడుగున మిగిలిపోతుంది. అలా శుద్ధి చేసిన అల్యూమినా నుంచి లోహాన్ని తీయడం ఇంకొక మెట్టు. మన ఉక్కు కర్మాగారంలో ఐరన్ ఆక్సైడ్ నుంచి ఇనుమును విడదీయడానికి కోక్, అంటే బొగ్గు నుంచి తయారుచేసిన ఇంధనం, నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ సరిపోతుంది. అల్యూమినియం ఆక్సిజన్‌ను అంత తేలికగా వదలదు కాబట్టి, అల్యూమినాను కరిగిన క్రయోలైట్ అనే లవణంలో కలిపి సుమారు 950 డిగ్రీల సెల్సియస్ వద్ద విద్యుద్విశ్లేషణ చేయాలి, అంటే విద్యుత్తు పంపి విడదీయాలి. ఒక్క కిలో అల్యూమినియానికి సుమారు 14 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. గాజువాక నుంచి రేవు దాకా బస్సులో వెళ్లివస్తూ, ఈ రెండు లోహాలు శ్రేణిలో ఎంత దూరంలో ఉన్నాయో మీ అమ్మాయికి చెప్పవచ్చు: ఒకటి బొగ్గుకు లొంగింది, మరొకటి కరెంటుకు గాని లొంగలేదు.

ఇంట్లో చేయదగిన ప్రయోగాల్లో నేను మొదట చెప్పేది మైలుతుత్తంతో చేసేది. ఎరువులు, పురుగుమందుల దుకాణాల్లో దొరికే ఈ నీలం స్ఫటికాలు కాపర్ సల్ఫేట్. విషపదార్థం కాబట్టి మీరు దగ్గరుండాలి, వంటింటి గిన్నెలు, చెంచాలు వాడకూడదు, తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పారేయదగిన గాజు సీసాలు రెండు తీసుకుని, ఒక్కోదానిలో అర గ్లాసు నీళ్లకు పావు చెంచా చొప్పున మైలుతుత్తం కరిగించండి. ఒకదానిలో గరుకు కాగితంతో రుద్దిన ఇనుప మేకు వేయండి. అరగంటలో మేకు మీద ఎర్రటి రాగి పేరుకుంటుంది, నీలం రంగు క్రమంగా పలచబడుతుంది. పుస్తకంలో ఉన్నదే ఇది. రెండో సీసాలో రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకు ముక్క వేయండి. శ్రేణి ప్రకారం అల్యూమినియం మేకు కన్నా వేగంగా రాగిని వెళ్లగొట్టాలి. కాని చాలాసేపు చూసినా దాదాపు ఏమీ జరగదు. ఇక్కడ మీ అమ్మాయిని కారణం చెప్పమనండి. చెప్పాక, ఆ సీసాలో అర చెంచా మామూలు ఉప్పు వేసి కర్రపుల్లతో కలపండి. కొద్ది నిమిషాల్లో రేకు అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి, చిన్న బుడగలు లేస్తాయి, రేకులో చిల్లులు పడతాయి, సీసా గోడ వెచ్చబడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు ఆక్సైడ్ పొరను అక్కడక్కడ చీల్చి దారి ఇచ్చాయి. దారి దొరకగానే అల్యూమినియం శ్రేణిలో తన స్థానం ఏమిటో చూపించింది. సీసాకు మూత పెట్టకండి, వచ్చే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది.

ఈ ప్రయోగం చూశాక మీ అల్యూమినియం కిటికీని మరోసారి దగ్గరగా పరిశీలించమనండి. సముద్రం వైపు ఉన్న మూలల్లో, ముఖ్యంగా ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు బిగించిన చోట, తెల్లని పొడితో చిన్న చిన్న గుంటలు కనిపించే అవకాశం ఉంది. సముద్రపు నీటి పీహెచ్ సుమారు 8.1, అంటే పొర నిలిచే హద్దులోనే ఉంది. నష్టం క్షారత వల్ల కాదు, క్లోరైడ్ వల్ల. పైగా రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటి తడిలో తగులుకుని ఉంటే, వాటిలో చురుకైనది తాను కరిగిపోతూ రెండోదాన్ని కాపాడుతుంది. కిటికీకి ఏమీ కాలేదన్న మీ మాటను ఇంత మేరకు సవరించవలసి ఉంటుంది.

ప్రయోగం అయ్యాక మిగిలిన నీలం ద్రావణాన్ని గెడ్డలోకి గాని, మొక్కల్లోకి గాని పారబోయకండి, రాగి లవణాలు చేపలకు హాని చేస్తాయి. పాత ఇనుప మేకులు గుప్పెడు వేసి, నీలం రంగు పూర్తిగా పోయేదాకా వదిలేయండి. రాగి అంతా మేకుల మీదికి చేరుతుంది. మిగిలే పలచని ఇనుప లవణపు నీటిలో ధారాళంగా నీళ్లు కలిపి మరుగుదొడ్డి తొట్టిలో పోయవచ్చు. ఇది కూడా స్థానభ్రంశ చర్యే, మార్కులు లేనిది.

ఆమ్లాలు, క్షారాలు గుర్తించడానికి కొనవలసినది ఏదీ లేదు. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడుతుందని మంగళహారతి ఇచ్చే ప్రతి ఇంట్లోనూ తెలుసు. అయితే పసుపు క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది, నిమ్మరసానికీ మంచినీళ్లకూ దానికి తేడా తెలియదు. మందార రేకలు వేడినీళ్లలో నానబెట్టిన రసం రెండిటినీ పట్టిస్తుంది: పులుపుకు ముదురు గులాబీ రంగు, సోడాకు ఆకుపచ్చ. చింతపండు రసం, మజ్జిగ, వంట సోడా, బట్టల సోడా, సున్నపు తేట ఒక్కో చుక్క వేసి, వచ్చిన రంగులను వరుసలో పెట్టమంటే అమ్మాయి తన సొంత కొలబద్ద తయారు చేసుకుంటుంది. వంట సోడాకూ బట్టల సోడాకూ తేడా అక్కడే కనిపిస్తుంది; మొదటిదాని విలువ సుమారు 8.3 మాత్రమే.

చేయకూడనివి రెండున్నాయి, వీటిలో మొహమాటం వద్దు. మరుగుదొడ్లు కడిగే యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, బ్లీచింగ్ పౌడరుతో ఏ కారణం చేతనైనా కలవకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపులు మూసిన చిన్న గదిలో అది ప్రాణాంతకం. ఒకటి వాడి బాగా నీళ్లు పోసి కడగకుండా రెండోది వాడినా అదే ప్రమాదం. రెండోది, కాలువ మూసుకుపోతే వేసే కాస్టిక్ సోడా పొడిని అల్యూమినియం మగ్గులోనో గిన్నెలోనో కలపకూడదు. పొర క్షణాల్లో కరిగి, లోహం మరుగుతున్నట్టు పొంగి, వేడినీ హైడ్రోజన్‌నూ వెలువరిస్తుంది. కళ్లలో పడిన కాస్టిక్ సోడా తుంపర ఆమ్లం కన్నా ఎక్కువ హాని చేస్తుంది. ప్లాస్టిక్ బకెట్‌లో చల్లని నీళ్లలోకి పొడిని కొద్దికొద్దిగా వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు.

పరీక్ష విషయంలో ట్యూషన్ మాస్టారి మాటను నేను పూర్తిగా కాదనను. వరుస కంఠస్థం కావాలి, అది లేకుండా లెక్క మొదలుకాదు. కాని "అల్యూమినియం చర్యాశీలత ఎక్కువైనా వంటపాత్రలకు ఎందుకు వాడతారు?", "రాగి పాత్రలను చింతపండుతో ఎందుకు శుభ్రం చేస్తారు?" వంటి ప్రశ్నలు పాఠం చివరి అభ్యాసాల్లోనే ఉంటాయి; అంటే ఇంటి అనుభవం కూడా పుస్తకంలో ఉన్నట్టే లెక్క. అలాంటిచోట అమ్మాయి మూడు వాక్యాలు రాస్తే చాలు: లోహం శ్రేణిలో ఎక్కడ ఉంది, దాని మీద ఏ పొర ఏర్పడుతుంది, ఎదురుగా ఉన్న పదార్థం ఆ పొరను కరిగిస్తుందా లేదా. సమీకరణం తప్పకుండా తుల్యం చేసి జతచేయాలి. అది లేకపోతే ఎంత బాగా రాసినా మార్కులు రావు.

చివరగా గ్రిల్లు. అల్యూమినియం గ్రిల్లు తుప్పు పట్టదు గాని దొంగ చేతిలో సులభంగా వంగుతుంది, పైగా ఖరీదు. స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం ఉంటుంది, దాని ఆక్సైడే ఆ స్టీలుకు రక్షణ పొర. అయితే ఉప్పుగాలికి ఆ పొరలోనూ గోధుమరంగు మచ్చలు పడతాయి, కాబట్టి అప్పుడప్పుడు మంచినీళ్లతో కడుగుతూ ఉండాలి. మీ ఇంటికి నేను చెప్పేది జింకు పూత ఉన్న జీఐ పైపులు. రంగు గీసుకుపోతే కింది ఇనుము వెంటనే తుప్పు పడుతుంది. జింకు పూత గీసుకుపోయినా, శ్రేణిలో ఇనుము కన్నా పైన ఉన్న జింకు తాను ముందుగా కరుగుతూ ఆ గీతలోని ఇనుమును కాపాడుతుంది. ఓడల అడుగున జింకు దిమ్మలు బిగించేది ఈ ధైర్యంతోనే. కాకపోతే గ్రిల్లు తయారు చేసేటప్పుడు వెల్డింగ్ చేసిన ప్రతి చోటా ఆ వేడికి జింకు కాలిపోయి వట్టి ఇనుము మిగులుతుంది, తుప్పు మొదట కనిపించేది ఆ అతుకుల దగ్గరే. అందువల్ల గ్రిల్లు బిగించడానికి ముందే ప్రతి అతుకునూ గరుకు కాగితంతో రుద్దించి, జింకు ప్రైమరు రెండు పూతలు వేయించి, అది పూర్తిగా ఆరాకే పైరంగు వేయమని పనివాళ్లకు చెప్పండి. బేరం కుదుర్చుకునేటప్పుడే ఈ మాట అనుకోండి, తరువాత చెబితే ఒక పూతతో సరిపెట్టేస్తారు.